అప్‌డేట్: న్యూజిలాండ్ పొలంలో పని, బదులుగా గది, భోజనం: విజిటర్ వీసా చాలదు

న్యూజిలాండ్‌లో ఒక హోస్ట్ (పొలం యజమాని) రోజుకు నాలుగైదు గంటల పొలం పనికి బదులుగా గది, భోజనం ఇస్తామంటున్నారు, విజిటర్ వీసా సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. సరిపోదు.

న్యూజిలాండ్ 2009 ఇమ్మిగ్రేషన్ చట్టంలో ‘లాభం లేదా ప్రతిఫలం’ కోసం చేసే ఏ పనైనా పనే. డబ్బుతో విలువ కట్టగలిగే గది, భోజనం కూడా ప్రతిఫలమే. చేతికి పైసా రాకపోయినా లెక్క మారదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దరఖాస్తులో ‘టూరిజం’ అని రాసి, ఫోన్‌లో హోస్ట్‌తో పనిగంటల చాటింగ్ పెట్టుకుని దిగితే, విమానాశ్రయంలో తనిఖీ జరిగినప్పుడు చిక్కే.

ఆస్ట్రేలియా దారి కొంత నయం. 2024 నుంచి మనవాళ్లకు 462 తరగతి వర్క్ అండ్ హాలిడే వీసా (తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చేది) ఉంది: 18–30 ఏళ్లు, ఏడాదికి 1000 మంది, ఎంపిక లాటరీలో. పేరు వచ్చాకే అసలు దరఖాస్తు. ఇంగ్లిష్ స్కోరు, చదువు పత్రాలు, సుమారు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్ల నిల్వ చూపాలి. ఒక మెలిక: రెండో ఏడాది వీసాకు జీతమిచ్చిన పనే లెక్కకొస్తుంది, గదికి బదులు చేసినది రాదు.

హోస్ట్‌తో పనిగంటలు, సెలవు రోజులు, గది ఒంటరిదా పంచుకునేదా అన్నవి ముందే రాతలో తీసుకోండి. తిరుగు టికెట్, కొన్ని రాత్రుల హాస్టల్ ఖర్చు విడిగా ఉంచుకోండి.