3600 ర్యామ్ కొన్నా 2133లోనే నడుస్తోంది, ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే డిస్‌ప్లే రావట్లేదు

గోదారి_గేమర్:
అందరికీ నమస్తే. నాది రైజెన్ 5 5600, బి450 బోర్డు, నాలుగు ర్యామ్ స్లాట్లు. మొదట్నుంచీ 8 జీబీ స్టిక్కులు రెండున్నాయి, 3200 సీఎల్16 (సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే ఆలస్యం, క్లాకుల్లో). వీడియో ఎడిటింగ్‌కి చాలట్లేదని ఈమధ్య సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళి ఇంకో 8+8 కిట్ తెచ్చా, ఇది 3600 సీఎల్18. "నాలుగూ పెట్టేయండి సార్, బోర్డే చూసుకుంటుంది" అన్నారు షాపులో. పెట్టాను. 32 జీబీ చూపిస్తోంది, అంతవరకూ ఓకే. కానీ టాస్క్ మేనేజర్లో స్పీడు 2133 అంటోంది, సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ తెరిస్తే ఏకంగా 1066! పోనీ అని బయాస్‌లో (బోర్డు సెట్టింగుల స్క్రీన్) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీది స్పీడుకి తెచ్చే సెట్టింగు, ఆన్ చేసి సేవ్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, తనంతట తనే ఆగి మళ్ళీ ఆన్ అయ్యి, చివరికి 2133కే వస్తోంది. డబ్బులు 3600కి పోసి 2133 వాడుకోవడం ఏంటని ఒకటే చిరాకు. ర్యామ్ పోయిందా, బోర్డు మార్చాలా?

పాత_సీపీయూ:
ర్యామూ పోలేదు, బోర్డూ పోలేదు, ముందు టెన్షన్ తీసేయండి. 1066, 2133 రెండూ ఒకటే. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది. సీపీయూ-జెడ్ అసలు క్లాక్ చూపిస్తుంది, టాస్క్ మేనేజర్ దాన్ని రెట్టింపు చేసి చూపిస్తుంది. 3600 వస్తే సీపీయూ-జెడ్‌లో 1800 దగ్గర కనపడుతుంది.

డబ్బా మీద రాసిన 3600 నిజానికి ఓవర్‌క్లాక్ స్పీడు. ప్రతి స్టిక్ మీదా ఒక చిన్న చిప్పు ఉంటుంది, అందులో ఏ బోర్డులోనైనా పనిచేసేలా జెడెక్ అనే ఉమ్మడి మెమరీ ప్రమాణం ప్రకారం 1.2 వోల్టుల సెట్టింగులు ఉంటాయి, వాటితో పాటు ఎక్స్ఎంపీ ప్రొఫైల్ అని ఇంకోటి ఉంటుంది, మీ కిట్‌లాంటి వాటికి మామూలుగా 1.35 వోల్టులు, 3600. మనం చెప్పందాకా బోర్డు మొదటిదే తీసుకుంటుంది. ఈ ఎక్స్ఎంపీనే ఏఎండి బోర్డుల్లో ఆసుస్ డీఓసీపీ అని, ఎంఎస్ఐ ఏ-ఎక్స్ఎంపీ అని రాస్తాయి, కంగారు పడకండి.

మీ అసలు తంటా రెండు వేర్వేరు కిట్లు కలపడం. కంపెనీ ఆ రెండు స్టిక్కుల్నీ జతగా పరీక్షించి 3600 అని రాసింది, పక్కన ఇంకో రెండు వేరే రకం కూర్చుంటాయని దానికి తెలీదు. పైగా ఒక్కో చానెల్‌కి (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి) రెండేసి స్టిక్కులంటే ప్రాసెసర్లోని మెమరీ కంట్రోలర్ మీద లోడు పెరుగుతుంది. పాతవి రెండూ తీసేసి, కొత్తవి ఏ2, బి2లో పెట్టండి, అంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. అప్పుడు ఎక్స్ఎంపీ ఆన్ చేసి చూడండి.

చీమకుర్తి_చిప్:
పైన చెప్పింది కరెక్టే, కానీ నన్నడిగితే 3600 మోజు వదిలేయండి బ్రో. 5600కి ఏఎండి అధికారికంగా చెప్పేదే 3200, అదీ రెండు స్టిక్కులకి. మీ పాత 3200 సీఎల్16 ఆలస్యం లెక్క వేస్తే 16ని 1600 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 10 నానోసెకన్లు. కొత్త దానికి 18ని 1800తో భాగించండి, అదీ 10 నానోసెకన్లే! బ్యాండ్‌విడ్త్ మాత్రం చానెల్‌కి సెకనుకి 25.6 నుంచి 28.8 జీబీకి పెరుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆ తేడా మీకు పెద్దగా తెలియదు. 5600జీ పెట్టుకుని లోపలి గ్రాఫిక్స్ మీదే గేములు ఆడేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు ప్రతి మెట్టూ ఎక్కాల్సిందే. కానీ 2133లో మాత్రం వదిలేయకండి, అక్కడ చానెల్‌కి సెకనుకి 17 జీబీయే. ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి, 3200 అని చేత్తో పెట్టి, టైమింగ్స్ 18-22-22-42, వోల్టేజ్ 1.35 ఇచ్చి నాలుగిటితో ట్రై చేయండి.

రాత్రి_రెండరింగ్:
మధ్యలో దూరుతున్నా, సారీ. నాది కొత్త తరం డీడీఆర్5, ఎక్స్పో (ఎక్స్ఎంపీ లాంటిదే, ఏఎండిది) ఆన్ చేశాక స్క్రీన్ రావట్లేదు, పవర్ బటన్ నొక్కి ఆఫ్ చేస్తున్నా. ఇదే సమస్యా?

పాత_సీపీయూ:
బటన్ నొక్కొద్దండీ బాబూ! డీడీఆర్5 కదా, సెట్టింగు మారినప్పుడల్లా బోర్డు మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కి సరిపోయే సెట్టింగులు వెతుక్కోవడం) చేసుకుంటుంది, దానికి చాలా నిమిషాలు పట్టొచ్చు. టీ తాగి రండి. అప్పటికీ రాకపోతే పవర్ కార్డు తీసి, సీమాస్ క్లియర్ చేయండి, అంటే బయాస్ సెట్టింగుల్ని మొదటికి తెచ్చేయండి.

గోదారి_గేమర్:
చేసి చూశా. కొత్తవి రెండే ఏ2, బి2లో పెడితే 3600 మొదటిసారికే వచ్చింది, సీపీయూ-జెడ్‌లో 1797 చూపించింది, ప్రాణం లేచొచ్చింది. తర్వాత నాలుగూ పెట్టి చిప్ బ్రో చెప్పినట్టు 3200 ఇస్తే విండోస్ బాగానే వచ్చింది, కానీ వీడియో ఎక్స్‌పోర్ట్ సగంలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. ఇది ర్యామ్ వల్లేనా?

పాత_సీపీయూ:
దాదాపు అదే. విండోస్ వచ్చినంత మాత్రాన ర్యామ్ స్థిరంగా ఉన్నట్టు కాదు. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్పీడు మీకు లేనట్టే, అది ఎక్కడో ఒక ఫైల్‌ని నిశ్శబ్దంగా పాడుచేస్తుంది. ఎర్రర్ వస్తే 2933కి దిగండి.

గోదారి_గేమర్:
3200లో ఎర్ర గీతలు వరసగా వచ్చాయి. 2933 మీద తెల్లారేవరకూ ఒక్కటీ లేదు, ఎక్స్‌పోర్ట్ కూడా పూర్తయింది. నా ప్రాజెక్టులకి 16 జీబీ ఎటూ చాలదు కాబట్టి నాలుగూ ఉంచుకుని 2933లోనే నడిపిస్తున్నా. ఇద్దరికీ థ్యాంక్స్.

చీమకుర్తి_చిప్:
సరైన పని. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బయాస్ అప్‌డేట్ చేసినా, బ్యాటరీ అయిపోయినా ఈ సెట్టింగులన్నీ ఎగిరిపోయి మళ్ళీ 2133కే వస్తుంది. బయాస్ స్క్రీన్‌ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.