కెరీర్ డెవలప్‌మెంట్ ప్లాన్ దగ్గర ఇరుక్కుపోయాను, ఎవరైనా చెప్పండి ప్లీజ్

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి లాప్‌టాప్ ముందే ఉన్నాను. గ్రాంట్ అప్లికేషన్‌లో రీసెర్చ్ భాగం దాదాపు అయిపోయింది. ఈ కెరీర్ డెవలప్‌మెంట్ ప్లాన్ అని ఒకటి పెట్టారు చూడండి, అది మాత్రం ఒక్క పేరా కూడా కదలడం లేదు. రాసింది చదువుకుంటే నాకే నవ్వొస్తోంది. "నాయకత్వ నైపుణ్యాలు పెంచుకుంటాను, గ్రాంట్లు రాయడం నేర్చుకుంటాను, కాన్ఫరెన్సులకు వెళ్తాను." స్కూల్లో "నా ఆశయం" వ్యాసం కూడా ఇలాగే రాసేవాళ్లం.

ల్యాబ్ నడిపే మా పీఐని (ప్రధాన పరిశోధకుణ్ణి) అడిగితే "నువ్వే రాసెయ్, మెంటర్ స్టేట్‌మెంట్ కూడా నువ్వే డ్రాఫ్ట్ చేసి పంపు, సంతకం పెడతా" అన్నారు. ఆయన మంచివారే, కాకపోతే మనిషి దొరకరు. నా పబ్లికేషన్లు పర్వాలేదు, ఒకటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 11 ఉన్న జర్నల్‌లో, ఫస్ట్ ఆథర్‌ని. అసలు వీళ్లకి ప్లాన్‌లో ఏం కావాలి? ఎవరి దగ్గరైనా సాంపిల్ ఉంటే పెట్టండి. డెడ్‌లైన్ దగ్గరపడింది, టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

రెండో రివ్యూయర్:
ఏ గ్రాంట్? ఏ రంగం? పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, మొదలై ఎన్నాళ్లయింది?

లెక్కల మాస్టారు:
ముందు ఆ 11 సంగతి మాట్లాడుకుందాం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది జర్నల్ లెక్క, మీ పేపర్ లెక్క కాదు. అంతకు ముందు రెండేళ్లలో జర్నల్ వేసిన వ్యాసాలకు ఆ ఏడాది వచ్చిన సైటేషన్ల, అంటే ఇతర పేపర్లలో ప్రస్తావనల, సగటు అది. నాలుగైదు పేపర్లు వందల సైటేషన్లు లాగేస్తాయి, మిగతా వాటిలో చాలావాటికి ఆ సగటు కూడా రాదు. ఇలా ఒక పక్కకు వాలిపోయిన పంపిణీకి సగటు తీసి, దాన్ని మనిషి మెడలో వేలాడదీయడం ఏం గణితమండీ?

2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణజీవశాస్త్రవేత్తల వార్షిక సమావేశంలో ఈ గొడవ మీదే చర్చ జరిగింది, మరుసటి ఏడాది పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే డోరా ప్రకటన బయటికొచ్చింది. నియామకాలకు, గ్రాంట్లకు జర్నల్ అంకెలు చూడొద్దు, పనిని చూడండి అని అందులో స్పష్టంగా ఉంది. బ్రిటన్‌లో యూకేఆర్‌ఐ లాంటి పరిశోధన నిధులిచ్చే సంస్థలు అందుకే కథనం రూపంలో సీవీ అడుగుతున్నాయి. మీ తరమే ఇంకా ఈ అంకెలు మోస్తుంటే ఇది ఎప్పటికి పోతుంది?

పైపెట్ పట్టిన చెయ్యి:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే కానీ అడిగిన ప్రశ్న అది కాదు.

చిత్తుప్రతి గారూ, మీ ప్లాన్ ఎందుకు తేలిపోతోందంటే, అందులో మీకు ఏం రాదో లేదు. మంచి పేరు పోతుందని అందరూ అది దాచేస్తారు. ఈ భాగం చదివే రివ్యూయర్ మనసులో ఉండే ప్రశ్న ఒకటే: ఇంత చేసిన మనిషికి ఇంకా ట్రైనింగ్ ఎందుకు? ఇప్పటికే సొంత ల్యాబ్ పెట్టుకోవచ్చు కదా? దానికి సమాధానం చెప్పకపోతే మీ బలాలే మీకు అడ్డం వస్తాయి.

అందుకని వెనక నుంచి రండి. అయిదేళ్ల తర్వాత మీ సొంత ల్యాబ్ ఏ ప్రశ్న మీద పనిచేస్తుంది? దానికి కావలసిన వాటిలో మీ చేతిలో లేనివి ఏవి? రెండో మూడో చాలు, పది రాయొద్దు. ఒక్కో లోటుకి ఎవరు నేర్పుతారో పేరుతో రాయండి, ఎప్పుడు నేర్చుకుంటారో రాయండి, వచ్చిందని ఎలా తెలుస్తుందో రాయండి. "డేటా అనాలిసిస్ నేర్చుకుంటాను" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "మొదటి ఏడాది వారానికో రోజు కో-మెంటర్ ల్యాబ్‌లో కూర్చుంటాను, ఏడాది చివరికి రెండో ఎయిమ్ (లక్ష్యం) డేటా నేనే అనలైజ్ చేసి పేపర్ డ్రాఫ్ట్ చూపిస్తాను" అంటే దాన్ని పట్టుకుని మార్కులు వేయొచ్చు. వర్క్‌షాప్ పేర్ల జాబితా మాత్రం వద్దు, అవి అందరూ పెడతారు.

ఇంకోటి. ఆ లోటు రీసెర్చ్ ప్లాన్‌లో ఉపయోగపడాలి. అక్కడ లేని టెక్నిక్ ఇక్కడ నేర్చుకుంటానంటే, ఎందుకు అని అడుగుతారు.

బయటపడ్డవాడు:
అసలు ఫ్యాకల్టీ ఉద్యోగమే కావాలా అని ఎవరూ అడగరేం? పోస్ట్‌డాక్‌ల సంఖ్యకీ పర్మనెంట్ పోస్టుల సంఖ్యకీ పొంతన లేదని అందరికీ తెలుసు. నేను కంపెనీకి వచ్చేశాను, హాయిగా ఉన్నాను. మైఐడీపీ అని కెరీర్ ప్లాన్ చేసుకునే ఆన్‌లైన్ సాధనం ఒకటి సైన్స్ పత్రిక వాళ్ల కెరీర్ విభాగం 2012లో తెచ్చింది. మన నైపుణ్యాలు, ఆసక్తులు, విలువలు వేర్వేరుగా అడిగి, ఏ దారి ఎంత నప్పుతుందో చూపిస్తుంది. అందులో నాకు ప్రొఫెసర్ ఉద్యోగం ఎక్కడో అడుగున వచ్చింది. ముందు అలాంటిది ఒకటి చేసుకోండి, ఆ తర్వాత ప్లాన్ రాయండి.

రెండో రివ్యూయర్:
ఆ ఫలితం పట్టుకెళ్లి ఫ్యాకల్టీ గ్రాంట్ అప్లికేషన్‌లో పెట్టమంటారా?

బయటపడ్డవాడు:
పెట్టమనలేదు. తనకోసం తాను చేసుకోమన్నాను. ఆ ఫలితం పీఐకి గానీ గ్రాంట్ వాళ్లకి గానీ చూపించి తీరాల్సిన కాగితం కాదు. ట్రైనీగా అది మన హక్కు.

గళం:
ట్రైనీ అనే మాట దగ్గర ఆగండి. పీహెచ్‌డీ అయి, పేపర్లు రాసి, స్టూడెంట్లకి పని నేర్పే మనిషి ట్రైనీ ఎలా అవుతారు? ల్యాబ్‌లో ఎక్కువ పని చేసేది వాళ్లే. ట్రైనింగ్ అన్న పేరు పెట్టి జీతం, సెలవులు, పెన్షన్ అన్నీ తగ్గించేస్తారు. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సమ్మె చేసినవాళ్లలో పోస్ట్‌డాక్‌లు కూడా ఉన్నారు. ఉద్యోగులుగా బేరమాడారు కాబట్టే కాంట్రాక్టు మెరుగుపడింది.

పైపెట్ పట్టిన చెయ్యి:
సమ్మెకి నా మద్దతు పూర్తిగా ఉంది. కానీ ట్రైనింగ్ అన్నది పూర్తిగా తీసేస్తే నేర్పాల్సిన బాధ్యత కూడా పీఐ మీద నుంచి పోతుంది. 2009 నుంచి అమెరికాలో పరిశోధన నిధులిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ పోస్ట్‌డాక్‌కి డబ్బు అడిగే ప్రతి ప్రపోజల్‌లో ఒక పేజీ మెంటరింగ్ ప్లాన్ పెట్టాలంటోంది. పోస్ట్‌డాక్‌ని వట్టి ఉద్యోగి అనుకుంటే ఆ పేజీ ఎందుకు అడుగుతారు?

గళం:
ఆ పేజీ ఎంతమంది పోస్ట్‌డాక్‌లు కళ్లతో చూశారో అడగండి. ఒకే పేజీని పేరు మార్చి మళ్లీ మళ్లీ పంపుతారు. బ్రిటన్‌లో పరిశోధకుల కెరీర్ల కోసం చేసుకున్న కాంకార్డాట్ అనే ఒప్పందంలో ఏడాదికి కనీసం 10 రోజులు సొంత అభివృద్ధికి ఇవ్వాలని ఉంది. అలా రోజుల్లో లెక్క ఉంటే అడగొచ్చు. ఉద్యోగికి హక్కు ఉంటుంది, ట్రైనీకి దయ మాత్రమే దొరుకుతుంది.

లెక్కల మాస్టారు:
10 రోజులు ఇస్తారు సరే, ఆ రోజుల్లో చేసింది ఏ అంకెతో కొలుస్తారు? మళ్లీ అదే రోగం.

చిత్తుప్రతి:
అయ్యో, ఇంత చర్చ అవుతుందనుకోలేదు. వివరాలు ఇవ్వలేదు కదూ, కె99కి అండి, పోస్ట్‌డాక్‌లు సొంత ల్యాబ్ దాకా వెళ్లడానికి అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే గ్రాంట్. ఫిబ్రవరి డెడ్‌లైన్. న్యూరోసైన్స్. ఈ ల్యాబ్‌లో మూడేళ్లు దాటింది. పైపెట్ గారూ, మీరు చెప్పింది అర్థమైంది, లోటు అంటే నాది కంప్యుటేషనల్ వైపు. దానికి కో-మెంటర్‌గా ఒకావిడ ఒప్పుకున్నారు. మెంటర్ స్టేట్‌మెంట్ నేనే రాయడం తప్పు కాదు కదా?

పైపెట్ పట్టిన చెయ్యి:
కె99 అని మొదటే చెప్పాల్సింది! అక్కడ ఈ భాగం పక్కన వేసుకునే కాగితం కాదు. మీ గురించిన భాగం, రీసెర్చ్ స్ట్రాటజీ రెండూ కలిపి 12 పేజీలు. రీసెర్చ్ "అయిపోయింది" అన్నారు, 12 పేజీలూ దానికే వాడేశారేమో చూసుకోండి. బాధ్యతాయుత పరిశోధన శిక్షణకి వేరే పేజీ ఉంటుంది, దాన్ని చాలామంది ఆఖరి రాత్రి గుర్తు చేసుకుంటారు. అందులో శిక్షణ ఎలా ఉంటుంది, ఏ విషయాలు, ఫ్యాకల్టీ పాత్ర ఏమిటి, కనీసం 8 గంటలు ఫ్యాకల్టీతో కలిసి ఉందా, ఎన్నేళ్లకోసారి అన్నీ రావాలి. ఆన్‌లైన్ కోర్సు చేసేశాను అని రాస్తే సరిపోదు. రిఫరెన్స్ లెటర్లు 3 నుంచి 5 కావాలి, అవి మెంటర్, కో-మెంటర్ కాని వాళ్ల నుంచి రావాలి.

స్టేట్‌మెంట్ సంగతికొస్తే, పూర్తిగా మీరే రాయొద్దు. రెండు కాగితాలూ ఒకే చేత్తో రాసినవని చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. మీరు పాయింట్లు పంపండి. ఆయన దగ్గర ఇంతకుముందు పనిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, మిమ్మల్ని ఎన్నాళ్లకోసారి కలుస్తారు, మీ పనికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఇవి ఆయన మాటల్లోనే రావాలి. కొత్త పీఐ అయితే అనుభవం ఉన్న కో-మెంటర్ తప్పనిసరి అనుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇంకొకటి ఉంది. ఈ ప్రాజెక్టులో మీరు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లొచ్చో ఆయన ఆ స్టేట్‌మెంట్‌లో రాయాలి. ఏ ప్రశ్న మీది, ఏది ల్యాబ్‌లోనే ఉండిపోతుంది, మీరు తయారుచేసిన ఎలుకల లైన్లు (రకాలు), కోడ్, డేటా ఎవరివి. కె99 అసలు ఉద్దేశమే మెంటర్ నీడలోంచి బయటికి రావడం. రెండేళ్ల దాకా కె99, ఫ్యాకల్టీ ఉద్యోగం వచ్చాక మూడేళ్ల దాకా దాని రెండో దశ ఆర్00. ఆ మూడేళ్లు ఏం చేస్తారో మీ పీఐ చేసే పనికి భిన్నంగా కనిపించకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా దండగే. నాకు తెలిసిన ఒకరికి వాళ్ల పీఐ "తీసుకెళ్లు, నాకేం అభ్యంతరం" అని నోటిమాటగా అన్నారు. ఉద్యోగం వచ్చి వెళ్లేసరికి అదే ప్రశ్న మీద కొత్త పోస్ట్‌డాక్‌ని కూర్చోబెట్టారు. ఆయనలో దురుద్దేశం లేదు, మర్చిపోయారంతే.

కాబట్టి మీ పీఐ దొరకరు అంటూ వదిలేయకండి. అరగంట సమయం అడగండి. "ప్లాన్ చూడండి" అని అడిగితే వాయిదా వేస్తారు. "నేను వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి, ఈ రెండు ప్రశ్నల్లో ఏది మీరు కొనసాగిస్తారు" అని సూటిగా అడగండి. మాట్లాడాక అదే రోజు ఆ మాటలు మెయిల్‌లో పెట్టండి.

గళం:
చూశారా, ఉద్యోగి అయితే ఇది కాంట్రాక్టులో ఉండేది.

రెండో రివ్యూయర్:
ఏ కంపెనీ ఉద్యోగి తన ప్రాజెక్టు ఇంటికి పట్టుకెళ్తాడు?

బయటపడ్డవాడు:
నిజమే, మా దగ్గర లాప్‌టాప్ కూడా లాక్కుంటారు 😀

గళం:
అది వేరే విషయం. ఆథర్‌షిప్ గురించి మాట్లాడితే

లెక్కల మాస్టారు:
ఆథర్‌షిప్ అన్నారు కాబట్టి చెప్తున్నాను, ఫస్ట్ ఆథర్ అనడం కూడా కొలతే. పేపర్‌లో ఎవరు ఏం చేశారో చెప్పడానికి క్రెడిట్ (CRediT) అని 14 రకాల పాత్రల పట్టిక ఉంది. ఆలోచన ఎవరిది, డేటా ఎవరు చూశారు, డ్రాఫ్ట్ ఎవరు రాశారు అన్నది విడివిడిగా చెప్పొచ్చు. చిత్తుప్రతి గారు ఆ 11 తీసేసి ఇది రాస్తే వాళ్ల సొంత పని ఎంతో తెలుస్తుంది. పైపెట్ గారు చెప్తున్న స్వతంత్రతకి సాక్ష్యం కూడా అదే.

పైపెట్ పట్టిన చెయ్యి:
ఇది మాత్రం బాగా చెప్పారు మాస్టారూ.

రెండో రివ్యూయర్:
"మూడేళ్లు దాటింది" అంటే ఎంత దాటింది?

చిత్తుప్రతి:
కొంచెమే అండి. నాలుగు నిండలేదు కాబట్టి అర్హత ఉంది. పీహెచ్‌డీ అయ్యాక ఆ పీహెచ్‌డీ ల్యాబ్‌లోనే పేపర్ ముగించడానికి కొన్నాళ్లు పోస్ట్‌డాక్‌గా ఉన్నాను, అది లెక్కలోకి రాదు కదా.

రెండో రివ్యూయర్:
వస్తుంది.

చిత్తుప్రతి:
పీహెచ్‌డీ చేసిన ల్యాబేనండి, అదే ప్రాజెక్టు. వేరే దేశంలో.

రెండో రివ్యూయర్:
డిగ్రీ వచ్చాక చేసిన పోస్ట్‌డాక్ ఎక్కడ చేసినా లెక్కే. కె99కి పోస్ట్‌డాక్ పరిమితి 2014కి ముందు అయిదేళ్లుండేది, ఇప్పుడు నాలుగు. రీసబ్మిషన్, అంటే సవరించి మళ్లీ పంపడం, కూడా ఆ నాలుగేళ్లలోపే పడాలి. నెలలు కూర్చి చూడండి.

పైపెట్ పట్టిన చెయ్యి:
ఇది సాయంత్రమే బయటపడాల్సిన విషయం. కంగారు పడకండి, ముందు అపాయింట్‌మెంట్ లెటర్లు తీయండి. పూర్తి సమయం పనిచేయని రోజులు, ప్రసవం, అనారోగ్య సెలవులు లాంటివి ఉంటే పొడిగింపు అడగొచ్చు, కానీ అప్లై చేయకముందే అడగాలి. మీ అంశాన్ని చూసే ఎన్‌ఐహెచ్ ఇన్‌స్టిట్యూట్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి తేదీలతో ఒక చిన్న మెయిల్ పెట్టండి. ఎవరు ఏం చెప్పినా చివరి మాట వాళ్లదే. అది తేలేదాకా ప్లాన్ పక్కన పెట్టినా పర్వాలేదు.

బయటపడ్డవాడు:
ప్లాన్ బి గురించి ఇన్‌బాక్స్ చేయండి, నిజంగానే చెప్తున్నా.

గళం:
నాలుగేళ్ల గడియారం పెట్టేదీ వాళ్లే, ట్రైనీ అని పిలిచేదీ వాళ్లే.

చిత్తుప్రతి:
సెలవులో ఉన్న నెలలు కొన్ని ఉన్నాయి. మెయిల్ పెట్టాను. పీఐకి కూడా అరగంట అడిగాను, గురువారం అన్నారు. థాంక్స్ అండి అందరికీ.

సున్నా పరికల్పన:
ఇప్పుడే చూశాను ఈ చర్చ. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి కూడా ప్లాన్ ఇలాగే రాయాలా? నాది గణితం, తీసుకెళ్లడానికి ఎలుకలూ లేవు, డేటా లేదు. ఇంకో సందేహం, గత మూడేళ్లలో, వెళ్లబోయే దేశంలో పన్నెండు నెలలకు మించి ఉండకూడదంటారు కదా, విజిటింగ్‌కి వెళ్లిన నెలలు కూడా కలుపుతారా?