హైదరాబాద్‌లో ఏ ఏరియాలో బ్యాంకు జప్తులు ఎక్కువ?

చందానగర్ వాసి:
ఫ్లాట్ కొందామని రెండు నెలలుగా తిరుగుతున్నాం. పేపర్లో వచ్చే బ్యాంకు స్వాధీన నోటీసులు, వేలం ప్రకటనలు కత్తిరించి పెట్టుకుంటున్నాను. మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి, పాతబస్తీ ఇళ్లు అరుదు. అంటే ఇటువైపే ఈఎంఐ కట్టలేక ఇళ్లు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువా? పిల్లల స్కూలు ఇక్కడే, అందుకే టెన్షన్‌గా ఉంది.

రికవరీలో పనిచేసినవాడిని:
ప్రకటనలు లెక్కపెట్టి ఏరియాని తేల్చేయకండి. నిజాంపేట వైపు కొత్త ఫ్లాట్లు చాలావరకు లోన్ మీద కొన్నవే, పాతబస్తీలో తాతల నాటి ఇళ్లు ఎక్కువ. వెయ్యి లోన్లలో పది ఇళ్లు పోయిన చోటు పేపర్లో పెద్దగా కనిపిస్తుంది, వంద లోన్లలో ఐదు పోయిన చోట కష్టం అంతకంటే ఎక్కువ. పైగా మియాపూర్ రంగారెడ్డి జిల్లా, నిజాంపేట మేడ్చల్, అమీన్‌పూర్ సంగారెడ్డి. ఖాళీ చేయించే ఫైళ్లు కలెక్టర్ల దగ్గరా మేజిస్ట్రేట్ కోర్టుల్లోనూ చెదిరి ఉంటాయి, ఏరియా లెక్క ఒకచోట దొరకదు.

ఇంకోటి, నోటీసు పడిందంటే ఇల్లు పోయినట్టు కాదు. 90 రోజులు బాకీ పడితే మొండి బాకీ, బ్యాంకు భాషలో ఎన్‌పీఏ, ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టు కేసు లేకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) కింద 60 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే స్వాధీన నోటీసు. అది చాలాసార్లు కాగితం మీదే, కుటుంబం లోపలే ఉంటుంది. ఈ దశలో అప్పోసప్పో చేసి కట్టేసి నిలబెట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. 45 రోజుల్లోపు అప్పుల వసూలు ట్రిబ్యునల్, అంటే డీఆర్‌టీకి వెళ్లే దారి కూడా ఉంది, అది తెలియకే చాలామంది చేతులెత్తేస్తారు.

అద్దెకున్న అమ్మాయి:
మేం అద్దెకున్న ఫ్లాట్ తలుపుకి ఒకరోజు బ్యాంకు నోటీసు అంటించి వెళ్లారు. ఓనరు అప్పటిదాకా నెల నెలా అద్దె తీసుకుంటూనే ఉన్నారు, ఒక్క మాట చెప్పలేదు. 2016 సవరణ తర్వాత అద్దెకున్నవాళ్లు కూడా డీఆర్‌టీకి వెళ్లొచ్చని లాయరు చెప్పారు, కానీ మాది తాకట్టు తర్వాత రాసుకున్న 11 నెలల అగ్రిమెంటు, నిలబడదన్నారు. అడ్వాన్సు తిరిగి రాలేదు, పరీక్షల ముందు పాపతో ఇల్లు మారాం. ఏరియా లెక్కలు తీసేవాళ్లు మాలాంటివాళ్లను కూడా లెక్కపెట్టాలి.

చందానగర్ వాసి:
చదువుతుంటే బాధగా ఉందమ్మా. సార్, వేలంలో వచ్చే ఫ్లాట్ కొనొచ్చా?

రికవరీలో పనిచేసినవాడిని:
కొనొచ్చు. ఈసీ (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) తీయించండి, తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో తాకట్టు వెతకండి, డీఆర్‌టీలో కేసు నడుస్తోందేమో అడగండి. వేలం ప్రకటనలో స్వాధీనం 'సింబాలిక్' (కాగితం మీదే) అని ఉంటే మాత్రం లోపల ఎవరో ఉన్నారనుకోండి, ముందు ఒకసారి వెళ్లి వాళ్లతో మాట్లాడండి.