హౌటన్ నీటి మర: నాన్నగారిని తీసుకెళ్లవచ్చా?

తుంగభద్ర: మేము కేంబ్రిడ్జ్‌లో ఉంటాం. అమ్మానాన్నలు వేసవికి వచ్చారు. నాన్నగారు ఊళ్లో పిండిమర నడిపిన మనిషి. చర్చిలు, కోటలు చూపిస్తే ‘బాగుంది’ అని ఊరుకుంటున్నారు. ఇక్కడికి దగ్గర్లోని హౌటన్ ఊళ్లో ఉన్న పాత నీటి మర ఆయనకు నచ్చుతుందా? మోకాళ్ల నొప్పులున్నాయి, మాకు కారు లేదు.

గోధుమగింజ: నిక్షేపంగా తీసుకెళ్లండి, కానీ మర ఆడే రోజు చూసుకుని. ఆగిపోయిన మరలో చూడటానికి ఏముంది, ఐదంతస్తుల చెక్క గోడౌను తప్ప! గ్రేట్ ఊజ్ నదికి వరద వస్తే చక్రం కింద నీళ్లు ఎదురుతన్ని అది తిరగదు. బయలుదేరే ముందు, ఆ మరను చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వారిని అడగండి.

ఆ చోట 974 నాటికే మర ఉండేదట. ఇప్పటి భవనం కూడా శతాబ్దాల నాటిదే. 1939లో ట్రస్ట్ చేతికి వచ్చింది, చాలాకాలం కుర్రకారుకు బసగా నడిచింది. 1999లో మళ్లీ చక్రం బిగించి పిండి ఆడించారు.

నాన్నగారిని రాళ్ల దగ్గర నిలబెట్టండి. కింది రాయి కదలదు, పైది తిరుగుతుంది, అచ్చం మన తిరగలి. అసలు తమాషా గింజ పడేచోట ఉంది. గరాటు కింద వాలుగా ఒక చెక్క దోనె వేలాడుతుంది. రాయితోపాటు తిరిగే కడ్డీ దాన్ని టకటకా తడుతుంటే గింజలు కొంచెం కొంచెంగా జారతాయి. నీటి జోరు పెరిగితే రాయి వేగం పెరుగుతుంది, దెబ్బలూ పెరుగుతాయి, గింజలూ అంతకంత పడతాయి. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు.

మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. రాళ్లున్న అంతస్తు వరకు ఎక్కితే చాలు, పైవి వదిలేయండి.

గట్టుమీదనడక: సెయింట్ ఐవ్స్ ఊరి వరకు గైడెడ్ బస్సుంది, అంటే తనకంటూ వేసిన దారిలో నడిచే బస్సు. అక్కడి నుంచి నది పక్కన థికెట్ అనే కాలిదారిలో హౌటన్‌కు నడక హాయిగా ఉంటుంది గానీ, ఆ మోకాళ్లతో వద్దు, టాక్సీ మాట్లాడుకోండి.

తుంగభద్ర: ధన్యవాదాలండీ. అక్కడి పిండితో చపాతీలు వస్తాయా అని అమ్మ అడుగుతోంది. రాళ్లకు కక్కు ఎవరు కొడతారని నాన్నగారి ప్రశ్న!

గోధుమగింజ: పిండి ముతక, పొట్టు ఎక్కువ. జల్లించి, గోరువెచ్చని నీళ్లతో తడిపి కాసేపు నాననివ్వమనండి. ఇక కక్కు కొట్టేది ఇప్పటికీ మనుషులే, ఉలితో. నడుమ నుంచి అంచుకు గాడులు తీస్తారు, పిండి బయటికి వచ్చేది వాటి వెంటే. ఆ ప్రశ్న అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలనే అడగమనండి, మీరు దుబాసీగా నిలబడండి. తిరుగు బస్సు మాత్రం కాస్త ఆలస్యమైనదే చూసుకోండి.