కీమో తర్వాత మతిమరుపు: బ్రాహ్మి, గింకో మాత్రలు ఇవ్వొచ్చా?

రాయగడ కోడలు:
మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. విశాఖలో కీమో పూర్తయింది, ఇప్పుడు టామాక్సిఫెన్ అనే హార్మోను మాత్ర వాడుతున్నారు. ఒకప్పుడు వీధిలో చీటీల లెక్కంతా నోటితో చెప్పేవారు. ఇప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు, మాట మధ్యలో ఆగి పేరు కోసం వెతుక్కుంటున్నారు. మా ఆడపడుచు బ్రాహ్మి పొడి, గింకో (ఒక చెట్టు ఆకుల సారం) మాత్రలు, పసుపు మాత్రలు పంపింది. "ఆకుమందే కదా, ఇస్తే పోయేదేముంది" అంటున్నారు మావారు. నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి పెద్దాయన:
ధైర్యంగా ఇవ్వమ్మా. మా ఇంటావిడకూ ఇలాగే అయింది. డాక్టరుకు చెబితే "అదే తగ్గుతుంది" అని పంపేశారు. చేతులు కట్టుకుని కూర్చోలేక బ్రాహ్మి పొడి పాలల్లో కలిపి ఇచ్చాను, సరస్వతి ఆకు పచ్చడి చేయించాను. కొన్ని నెలలకు మనిషి తేరుకుంది. బ్రాహ్మి మీద పరీక్షలు కూడా జరిగాయి, పెద్దవాళ్ళలో జ్ఞాపకం మెరుగైందని వచ్చింది. మన పెద్దలు వాడినదాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

జయపురం మందుల కొట్టు:
నేను ఫార్మసిస్టుని. పెద్దాయనగారి మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను.

ముందు ఒక మాట. అత్తగారిది నటనా కాదు, వయసు చాదస్తమూ కాదు. కీమో అయినవాళ్ళలో చాలామందికి ఇలా బుర్ర మసకబారినట్టు ఉంటుంది. ఎక్కువమందికి నెలల్లో తేలికపడుతుంది, కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది. కారణం కీమో ఒక్కటే అనుకోవద్దు. రక్తం తక్కువైనా, నిద్ర లేకపోయినా, దిగులున్నా, థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది. హార్మోను మాత్రల వల్ల కూడా కావచ్చు.

గింకోను అమెరికాలో కీమో తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ స్త్రీలకే ఇచ్చి చూశారు. 60 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. 2013లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకూ వీళ్ళకూ తేడా లేదు. పైగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడేవాళ్ళకు దీనివల్ల రక్తస్రావం భయం ఉంది.

పసుపు మాత్రల సంగతి మీ ఇంట్లో ఇంకా ముఖ్యం. టామాక్సిఫెన్ ఒంట్లో ఎండోక్సిఫెన్‌గా మారి పనిచేస్తుంది. పసుపు సారం మాత్రలు, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి, ఆ ఎండోక్సిఫెన్‌ను తగ్గిస్తాయని రోగుల మీద చేసిన పరిశీలనలో తేలింది. మతిమరుపు కోసం క్యాన్సర్ మందు బలం తగ్గించుకుంటామా? కూరలో వేసే పసుపుతో ఆ భయం లేదు, మాత్రలో ఉండే మోతాదు వేరు.

ఇక బ్రాహ్మి. పెద్దాయన చెప్పిన పరీక్షలు నిజమే. కానీ అవి ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద, సుమారు 12 వారాలు చేసినవి. కీమో మసకకు పనిచేస్తుందని వాటిని బట్టి చెప్పలేం. నెలలు గడిచేకొద్దీ ఎక్కువమందికి మసక దానంతటదే విడిపోతుంది కాబట్టి, మీ ఇంటావిడగారు ఆకువల్ల తేరుకున్నారో కాలంవల్ల తేరుకున్నారో ఎవరు చెప్పగలరు?

అమ్మా, ముందు రక్త పరీక్ష చేయించండి: హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్. శాకాహారులకూ, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళకూ, రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళకూ బి12 తగ్గే అవకాశం ఎక్కువ. అది తగ్గితే మతిమరుపూ వస్తుంది, అరికాళ్ళ తిమ్మిరీ వస్తుంది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్ళకు కూడా తిమ్మిరి ఉంటుంది కాబట్టి "ఇదంతా కీమోదే" అని వదిలేస్తారు. అక్కడే మోసపోతాం. తక్కువుంటే డాక్టరు రాసిస్తారు, దానికి నిజంగా గుణం కనిపిస్తుంది. సరిపడా ఉన్నవాళ్ళకు ఇంకా వేసినంత మాత్రాన జ్ఞాపకం పెరగదు.

రాయగడ కోడలు:
అత్తగారు షుగరు మాత్ర వేసుకుంటారు, మాంసం ముట్టరు. పరీక్ష చేయిస్తాను. మరి తిండి ఏం పెట్టాలి? ఆక్రోట్లు కొనమంటున్నారు.

బరంపురం అక్క:
ఆక్రోట్లు మంచివే, కొనలేకపోతే బాధపడకు. ఆకుకూరలు, ఆక్రోట్ల లాంటివి ఉండే, మెదడుకు మంచిదని పేరున్న 'మైండ్' ఆహారాన్నే మూడేళ్ళు పెట్టి చూస్తే, మామూలుగా కొంచెం తగ్గించి తిన్నవాళ్ళకంటే పెద్ద తేడా రాలేదని 2023లో తేలింది. ఏ ఒక్క వస్తువులోనూ మహిమ లేదు. మన వైపు మండియా (రాగి) అంబలి ఎలాగూ ఉంటుంది, దాన్లో కాల్షియం ఉంది, బి12 మాత్రం లేదు. అందుకని పాలు, పెరుగు, తింటానంటే గుడ్డు పెట్టు. పప్పు, ఉలవలు, తోటకూర, మునగాకు మార్చి మార్చి వండు. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకు, ఇనుము ఒంటికి పట్టదు. సాయంత్రం చేయి పట్టుకుని నడిపించు. నేను చూసినంతలో నడకా నిద్రా ఇచ్చినంత మేలు ఏ డబ్బా ఇవ్వలేదు.

పర్లాకిమిడి పెద్దాయన:
గింకో, పసుపు మాత్రల విషయం ఒప్పుకున్నాను. సరస్వతి ఆకు పచ్చడి మాత్రం మా ఇంట్లో మానం.

జయపురం మందుల కొట్టు:
పచ్చడి మానమని నేనూ అనను. పొడులు, మాత్రలు మాత్రం డబ్బాలతో సహా డాక్టరు ముందు పెట్టాలి. ఇంకొకటి, అమ్మా: ఉన్నట్టుండి తికమక పడినా, తలనొప్పితో వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చేయి కాలు పడిపోయినా అది ఈ మతిమరుపు అనుకోవద్దు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.