రమ్మీ యాప్ వాలెట్‌లో డబ్బు ఇరుక్కుపోయింది, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చాక నేను ఆడే రమ్మీ యాప్ డబ్బు ఆటలు ఆపేసి, వాలెట్‌లో మిగిలింది విత్‌డ్రా చేసుకోమంది. నావి రూ.4,860, అన్నీ నేను వేసినవే (గెలిస్తే కదా!). అప్పుడు బెంగళూరులో ఉన్నా, ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశా, ఇక్కడ ఆన్‌లైన్ రమ్మీపై 2017 నుంచే నిషేధం కాబట్టి కాబోలు, విత్‌డ్రా నొక్కగానే ‘మీ రాష్ట్రంలో సేవ లేదు’ అని ఎర్ర అక్షరాల్లో వస్తోంది. కేవైసీ మళ్లీ చేశా, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించా, మూడు మెయిళ్లు పెట్టా, ‘టికెట్ నమోదైంది’ అనే ఆటో రిప్లై తప్ప మనిషన్నవాడు పలకలేదు. ఇలా ఇరుక్కున్న డబ్బు రాబట్టుకున్నవాళ్లుంటే చెప్పండి, ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయాలా, సైబర్ క్రైమ్ 1930కా?