క్లాసు ముందు ప్రార్థన ఉంచాలా, తీసేయాలా?

అల్వాల్ మాస్టర్:
అందరికీ నమస్తే. అల్వాల్ దగ్గర ఒక చర్చి హాల్లో సాయంత్రాలు తైక్వాండో నేర్పిస్తున్నాను. మొదట్లో వచ్చినవాళ్లంతా మా సంఘం పిల్లలే, అందుకని వరసలో నిలబడగానే చిన్న ప్రార్థన, తర్వాత వంగి నమస్కారం, ఆ తర్వాతే వార్మప్. హాలుకి అద్దె లేదు, అయ్యగారు (మా పాస్టర్) ఊరికే ఇచ్చారు, కరెంటు బిల్లు మాత్రం మేం కడతాం. ఇప్పుడు సగానికి పైగా హిందూ, ముస్లిం పిల్లలు. ఎవరూ గొడవ పెట్టలేదు గానీ మొన్న ఒక పిల్లాడి అమ్మగారు "మాస్టర్, ప్రార్థన అయ్యాక పంపిస్తే పర్లేదా?" అని అడిగారు, అప్పటినుంచి అదే ఆలోచన. ప్రార్థన తీసేస్తే ఇక హాలు ఇవ్వడమెందుకు అంటారు సంఘ పెద్దలు. నిజానికి మా టీముకి ఒక పద్ధతి వచ్చిందే దానివల్ల అని నా నమ్మకం, ఓడినవాణ్ని వెక్కిరించడం, కోపంతో హెడ్‌గార్డ్ విసిరికొట్టడం మా దగ్గర కనబడవు. దీనికి తోడు గ్రేడింగులూ (బెల్టు పరీక్షలు) టోర్నమెంట్లూ ఎప్పుడూ ఆదివారం పొద్దున్నే, సరిగ్గా ఆరాధన టైముకి. మీరెలా నెట్టుకొస్తున్నారు?

రామంతాపూర్ నాన్న:
మాస్టర్ గారూ, మా వాడు వెళ్లే కరాటే క్లబ్బులో దసరాకి ఆయుధ పూజ చేస్తారు. నాన్‌చాకులకి, పంచింగ్ ప్యాడ్లకి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. క్రిస్టియన్ పిల్లలు ఓ పక్కన నిలబడతారు, వాళ్లని ఎవరూ ఏమీ అనరు. కాబట్టి మీ ప్రార్థన మీద నాకు అభ్యంతరం లేదు. కాకపోతే మాది ఏడాదికోసారి, మీది రోజూ. ఒక్కటి అడుగుతాను, మీ దగ్గర లేటుగా వచ్చినవాళ్లకి పుషప్స్ ఉన్నాయా? ఉంటే ప్రార్థన అయ్యాక వచ్చే పిల్లాడు లేటు కిందికే వస్తాడు కదా. ఆ అమ్మగారు అడిగింది దాని గురించే అయ్యుంటుంది. మీరు నోటితో "ఇష్టమైతేనే" అన్నా, రోజూ అందరి ముందూ పుషప్స్ కొట్టే పిల్లాడికి అది ఇష్టం మీద వదిలేసినట్టు అనిపించదు.

జూడో పాతకాపు, సికింద్రాబాద్:
మా ఇంట్లో గొడవ దీనికి పూర్తిగా తలకిందులు. జూడో హాల్లో గోడ మీద కానో జిగోరో ఫోటో ఉంటుంది, 1882లో జూడో మొదలుపెట్టింది ఆయనే, దానికి వంగి నమస్కారం పెట్టాలి. అది విగ్రహారాధన అని మా పెద్దమ్మ పట్టుబట్టింది, బైబిల్లో దానియేలు 3 తీసి, రాజు నిలబెట్టిన ప్రతిమకి మొక్కనని నిలబడ్డ షద్రకు, మేషాకు, అబేద్నెగో కథ వినిపించింది. మా అయ్యగారు ఆదికాండం 33 తీశారు, అక్కడ యాకోబు ఏశావు ముందు ఏడుసార్లు నేలకి వంగుతాడు, అది అన్నకి ఇచ్చే మర్యాదే గానీ ఆరాధన కాదు కదా అన్నారు. దాంతో మా పెద్దమ్మ ఊరుకుంది, ఒప్పుకుందని మాత్రం చెప్పలేను. అమెరికాలో ఈ వంగడం మీదే కేసు నడిచింది, 2002లో ఫెడరల్ కోర్టు అది మతాచారం కాదని తేల్చింది. ఇటుపక్క చూస్తే, పారిస్ 2024 ఒలింపిక్స్‌లో సిలువ గుర్తు వేసుకున్నందుకు తనకి ఐదు నెలల నిషేధం పడిందని సెర్బియా జూడో ఆటగాడు నెమాంజా మజ్దోవ్ తనే చెప్పుకున్నాడు. అంటే ఫోటోకి వంగితే మర్యాద, సిలువ గుర్తు వేసుకుంటే మతం. నాకైతే ఇది పూర్తిగా మింగుడు పడదు. అల్వాల్ అన్నా, మీరు మాత్రం వంగి నమస్కారం తీసేయకండి, ఎదుటివాడు శత్రువు కాదని పిల్లలకి రోజూ గుర్తుచేసేది అదే.

కిక్‌బాక్సర్, టోలిచౌకి:
భాయ్, నేను నేర్చుకున్నది క్రిస్టియన్ కోచ్ దగ్గరే. ఆయన ప్రార్థన చేసేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ని, నాకెప్పుడూ బరువనిపించలేదు, ఎందుకంటే రంజాన్ నెలలో నా స్పారింగ్ (జోడీతో ఫైట్ ప్రాక్టీసు) ఇఫ్తార్ తర్వాతకి మార్చింది కూడా ఆయనే, నేను అడగకుండానే. ఇబ్బంది పడింది ఒక్కచోట. పతకాలు వచ్చాక వాట్సాప్ గ్రూపులో "ప్రార్థన చేశాం, దేవుడు గెలిపించాడు" అని పెట్టేవాళ్లు. ఫైనల్లో ఓడి పెదవి మీద ఐస్ పెట్టుకుని కూర్చున్న నాకు అది చదివితే ఎలా ఉంటుంది? అదే రోజు ఓడిన క్రిస్టియన్ కుర్రాడైతే నాకంటే ఎక్కువ నలిగిపోయాడు, తన ప్రార్థనలో ఏం లోపం ఉందోనని.

మల్కాజిగిరి సిస్టర్:
భాయ్ చెప్పింది అక్షరాలా నిజం. 1996లో టైసన్ మీద దిగినప్పుడు బాక్సర్ హోలీఫీల్డ్ తన గౌను మీద ఫిలిప్పీ 4:13 ("నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే బైబిల్ వచనం) రాయించుకున్నాడు, గెలిచాడు, అప్పటినుంచి చాలామందికి అది గెలుపు మంత్రం అయిపోయింది. దాని ముందు వచనం చదవండి. పౌలు అది రాసింది జైల్లోంచి, కడుపు నిండినా, ఆకలితో ఉన్నా తట్టుకోవడం నేర్చుకున్నానని చెబుతున్నాడు అక్కడ. ఓడిన పిల్లాడికి చెప్పాల్సిన మాట అది. మీ ప్రార్థనలో పతకం అడగకండి బ్రదర్, ఎవరికీ దెబ్బలు తగలకూడదని అడగండి చాలు, ఆ ప్రార్థనకి ఏ తల్లీ అడ్డు చెప్పదు. ఆదివారం సంగతికొస్తే మీ చర్చిలో సాయంత్రం ఆరాధన ఉందేమో కనుక్కోండి. లేకపోతే అసోసియేషన్ వాళ్లతో సర్క్యులర్ రాకముందే మాట్లాడాలి, డ్రా (ఎవరితో ఎవరు తలపడాలనే లిస్టు) పడ్డాక ఎవరూ మార్చరు.

అబిడ్స్ అన్న:
ఇంత చర్చ ఎందుకో అర్థం కావట్లేదు. చర్చి హాలు, క్రిస్టియన్ మాస్టర్, ప్రార్థన ఉంటుందని తెలిసే చేర్పించారు. నచ్చనివాళ్లకి హైదరాబాద్‌లో క్లబ్బులకేం కరువా?

రామంతాపూర్ నాన్న:
అన్నా, పెద్దవాళ్లకైతే ఆ మాట చెల్లుతుంది. తొమ్మిదేళ్ల పిల్లాడు మాస్టర్ని చూసి చేరతాడు, హాలు ఎవరిదో చూసి కాదు.

అల్వాల్ మాస్టర్:
అందరికీ థ్యాంక్స్. పుషప్స్ ఉన్నాయి, నిజమే. వచ్చే సోమవారం నుంచి ప్రార్థన ఆరుకి పది నిమిషాల ముందు, రావాలనుకున్నవాళ్లకే, ఆరుకి వంగి నమస్కారంతో క్లాసు మొదలు, లేటు లెక్క కూడా అక్కడినుంచే. పెద్దల్లో ఒకాయన ఒప్పుకున్నారు, ఇంకొకాయన "చూద్దాం" అన్నారు. సిస్టర్, మా దగ్గర సాయంత్రం ఆరాధన లేదు. సర్క్యులర్ రాకముందే అసోసియేషన్‌తో మాట్లాడి ఆదివారం మధ్యాహ్నానికి మార్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా అడిగారో చెప్పండి.